స్కాలర్‌షిప్పు బాకీ ఎవరిది? ఉస్మానియా నుంచి హైటెక్ సిటీ దాకా ఒక లెక్క

తెలంగాణ పల్లెల్లో దళితుడికీ అప్పుకూ ఉన్న బంధం చాలా పాతది. తాత దొర దగ్గర తీసుకున్న కొద్దిపాటి బాకీ కింద కొడుకూ, మనవడూ కూడా వెట్టిగా పనిచేసిన పద్ధతిని భగేలా అన్నారు. ఈ దౌర్జన్యం ఎంత ముదిరిందంటే 1936లో నిజాం ప్రభుత్వమే భగేలా ఒప్పందాలను కట్టడి చేస్తూ చట్టం తేవాల్సి వచ్చింది. లెక్క పుస్తకం దొర గడీలో ఉండేది. అందులో ఏం రాసిండ్రో చదువు రానోళ్ళకు తెలిసేది కాదు. ఎన్నేళ్ళు పనిచేసినా బాకీ తీరేది కాదు.

ఇవాళ కాగితం మీద లెక్క తారుమారయింది. దళిత విద్యార్థి చదువుకు ప్రభుత్వం కడతానని చట్టబద్ధంగా ఒప్పుకున్న సొమ్ము ఏళ్ళ తరబడి కట్టకుండా ఉంది. కాలేజీకి, యూనివర్సిటీకి, హాస్టలు మెస్‌కు బాకీ పడింది ప్రభుత్వం. కాని సర్టిఫికెట్ల కోసం ఆఫీసు కిటికీ ముందు నిలబడి 'పైసలు కట్టి తీస్కపో' అనిపించుకునేది విద్యార్థి. బాకీదారు ఒకడు, వసూలు మరొకరి దగ్గర. దొర లెక్క పుస్తకం నుంచి ట్రెజరీ కంప్యూటరు దాకా మారనిది ఇదే. దీన్ని విడి విడి సంవత్సరాల బడ్జెట్ సమస్యగా చూస్తే అర్థం కాదు. చరిత్రగా చూడాల్సి ఉంటుంది.

ఉపకారం అనే మాట

ప్రభుత్వ తెలుగులో స్కాలర్‌షిప్పును 'ఉపకార వేతనం' అంటారు. ఈ మాటను మనం కూడా ఆలోచించకుండా వాడేస్తున్నాం. ఉపకారం చేసినవాడికి గడువు ఉండదు. ఇస్తే పుణ్యం, ఇవ్వకపోతే అడిగేవాడికి నోరుండదు. బాకీ అయితే అట్లా కాదు. దానికి తేదీ ఉంటుంది, మొత్తం ఉంటుంది, ఆలస్యమైతే జవాబు చెప్పాల్సినవాడు ఉంటాడు. తరాల తరబడి వెట్టి చేయించుకుని, బడి గడప తొక్కనివ్వని సమాజం తిరిగి చెల్లిస్తున్న దానికి ఉపకారం అని పేరు పెట్టడంలోనే రాజకీయం ఉంది.

స్కాలర్‌షిప్పు అందరికీ ఒకే తీరుగా రాలేదు. 1895లో సరోజినీ నాయుడు ఇంగ్లండులో చదువుకోవడానికి వెళ్ళింది నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పు మీదనే. ఆమె తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ హైదరాబాదులో పేరున్న విద్యావేత్త. ఆమెకు ఆ అవకాశం రావడం తప్పని ఎవరూ అనరు. కాని అదే కాలంలో ఈ నగరపు మాల మాదిగ వాడల్లో అక్షరం చెప్పే బడి లేదు.

అంబేడ్కర్ అనుభవం ఇంకో తీరు. 1913లో బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ ఆయనకు కొలంబియాలో చదవడానికి నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళు స్కాలర్‌షిప్పు ఇచ్చారు. తిరిగి వచ్చి పదేళ్ళు సంస్థానంలో కొలువు చేస్తానని పత్రం రాయించుకున్నారు. 1917లో ఆయన బరోడా వెళ్ళి ఉద్యోగంలో చేరితే ఉండటానికి ఇల్లు దొరకలేదు. ఆఫీసులో కాగితాలు దూరం నుంచి విసిరారు. పార్సీ సత్రం నుంచి కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. కొద్ది రోజుల్లోనే ఊరు విడిచారు. ఒప్పందం నిలబెట్టుకోలేకపోవడానికి కారణం అంటరానితనం. అయినా సొమ్ము తిరిగి కట్టమని బరోడా అధికారులు తర్వాత ఆయననే అడిగారు. దళితుడు బాకీ అయితే రాజ్యం మరచిపోదు. రాజ్యమే బాకీ అయితే మాత్రం ఏళ్ళకేళ్ళు గుర్తుకు రాదు.

సంస్థానంలో చదువు

ఉస్మానియా యూనివర్సిటీ బ్రిటిష్ పెత్తనం నడిచిన కాలంలో, నిజాం సంస్థానంలో పుట్టింది. 1917లో ఫర్మానా వచ్చింది, 1918లో యూనివర్సిటీ ఏర్పడింది. ఇంగ్లీషు పెత్తనాన్ని కాదని దేశభాష అయిన ఉర్దూలో ఉన్నత విద్య చెప్పడం ఆనాటికి పెద్ద సాహసమే. మన చరిత్ర పుస్తకాలు దాన్ని తగినంతగా మెచ్చుకున్నాయి. కాని దళితుల వైపు నుంచి అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. తెలుగు మాట్లాడే మాల మాదిగ పిల్లవాడు ఈ యూనివర్సిటీ దాకా ఏ దారిన రావాలి?

ఆ దారి వేసే పని రాజ్యం కన్నా ముందు దళితులే మొదలుపెట్టారు. 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం పెట్టిన భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదు బస్తీల్లో ఆది హిందూ పిల్లల కోసం తెలుగు బడులు తెరిచారు. చందాలు ఎత్తి పంతుళ్ళకు జీతాలిచ్చారు. ఈ బడులను నిజాం ప్రభుత్వం 1930లలో తన అజమాయిషీలోకి తీసుకుంది. అరిగె రామస్వామి వంటి వాళ్ళు కూడా అదే కాలంలో ఈ పనిలో ఉన్నారు. తెలుగు బడి దాటిన పిల్లవాడికి పైన ఎదురయ్యేది ఉర్దూ గోడ. 1948 తర్వాత అది ఇంగ్లీషు గోడ అయింది. గోడ భాష మారింది గాని గోడ పోలేదు.

సంస్థానం చివరి సంవత్సరాల్లో అణగారిన కులాల చదువు కోసం ఒక కోటి రూపాయల నిధి ఏర్పడింది. దీని వెనుక బి.ఎస్. వెంకట్రావు కృషి ఉంది. హైదరాబాదు అంబేడ్కర్ అని జనం పిలుచుకున్న ఆయన 1947-48లో లాయక్ అలీ మంత్రివర్గంలో మంత్రిగా ఉన్నారు. ఆ రోజుల్లో కోటి రూపాయలంటే మామూలు మాట కాదు. ఇక్కడ మనం గమనించాల్సిన విషయమేమిటంటే, ఆ సొమ్మును ఏటేటా దయతో ఇచ్చే గ్రాంటుగా కాకుండా విడిగా పక్కన పెట్టిన నిధిగా అడిగారు. ఖజానా ఖాళీ అనే సాకు చదువు దగ్గరికి రాకూడదన్న ముందుచూపు అందులో ఉంది. ఈ ముచ్చట మళ్ళీ చివర అవసరమవుతుంది.

1942 వినతిపత్రం

ఇప్పుడు మనం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు అంటున్నది కాంగ్రెసు ప్రభుత్వాలు పెట్టింది కాదు. 1942లో అంబేడ్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉండి, షెడ్యూల్డ్ కులాల సమస్యల మీద లిన్‌లిత్‌గో ప్రభువుకు వివరమైన వినతిపత్రం ఇచ్చారు. బనారస్ హిందూ యూనివర్సిటీకి, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి ప్రభుత్వం ఏటా లక్షలిస్తున్నప్పుడు షెడ్యూల్డ్ కులాల ఉన్నత విద్యకు ఏమీ ఎందుకు లేదని అడిగారు. ఫలితంగా ఏటా మూడు లక్షల రూపాయలు వచ్చాయి. 1944-45 నుంచి స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. 1948-49లో ఆదివాసీలకు కూడా విస్తరించాయి.

అంబేడ్కర్ అడిగిన తీరు చూడండి. పేద పిల్లలకు సాయం చేయండి అని ఆయన అనలేదు. మిగతా సమాజాలకు ఖజానా నుంచి వెళుతున్న సొమ్ముతో పోల్చి, మా వాటా ఏదని లెక్క అడిగారు. స్కాలర్‌షిప్పు పుట్టుకే వాటా అడగడంలో ఉంది. ఆ అంబేడ్కర్‌కే 1953 జనవరి 12న ఉస్మానియా యూనివర్సిటీ గౌరవ డాక్టరేటు ఇచ్చి తన గౌరవం పెంచుకుంది. ఆయన తెచ్చిన స్కాలర్‌షిప్పు మీద చదివే పిల్లల సొమ్ము అదే యూనివర్సిటీకి సకాలంలో అందడం లేదన్నది ఈ వ్యాసం విషయం.

ఫ్రీ సీటు, ఫీజు రీయింబర్స్‌మెంటు, సైబర్ టవర్స్

1980ల దాకా దళిత విద్యార్థికి స్కాలర్‌షిప్పు అంటే ప్రధానంగా హాస్టలు తిండి, పుస్తకాలు. ఫీజు చిన్నది, కాలేజీ సర్కారుది. ప్రైవేటు కాలేజీలు వచ్చాక పరిస్థితి మారింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తి కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంటు సీట్లు అన్నది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పుతో ఆ ఏర్పాటు కూడా పోయింది. ఈ రెండు తీర్పుల నడుమనే, 1998 నవంబరులో, మాదాపూరులో సైబర్ టవర్స్ తెరుచుకుంది. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి, వాజ్‌పేయి ప్రధాని. అదే ఏడు ప్రపంచ బ్యాంకు అప్పుతో రాష్ట్రంలో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాయి. సర్కారు యూనివర్సిటీల్లోకి కూడా సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు వచ్చాయి.

హైటెక్ సిటీ అద్దాల మేడలను చూసి ఊరూరా తల్లిదండ్రులకు ఒకటే ఆశ పుట్టింది: కొడుకో బిడ్డో ఇంజనీరు కావాలె. కూలి చేసుకునే తల్లి కూడా ఆ ఆశ పెట్టుకున్నది. అందులో తప్పేమీ లేదు. ప్రైవేటు కంపెనీలో రిజర్వేషను లేదు కాబట్టి ఆ గేటు దాటడానికి దళితుడి చేతిలో ఉన్నది డిగ్రీ కాగితం ఒక్కటే. ఆ కాగితం ధర పెరుగుతూ పోయింది.

2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటును పెద్ద ఎత్తున అమలు చేసింది. ఎస్సీ, ఎస్టీలతో పాటు బీసీలు, మైనారిటీలు, ఇతర పేదలు కూడా ఇందులోకి వచ్చారు. లక్షల మంది మొదటి తరం విద్యార్థులు కాలేజీ చూశారు. ఈ మేలును తక్కువ చేయకూడదు. అయితే దాని రెండో వైపు కూడా చూడాలి. ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, మొయినాబాద్ చుట్టూ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు 700 దాటాయి. దళిత బహుజన పిల్లవాడి పేరు కాలేజీ యాజమాన్యానికి ఆదాయ వనరు అయింది. సర్కారు సొమ్ము ప్రైవేటుకు ప్రవహించింది. ఉస్మానియా వంటి సర్కారు యూనివర్సిటీల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండిపోయాయి.

బాకీ ఎట్లా పేరుకుంటుంది

బకాయి అన్నప్పుడు డబ్బు లేదు అనుకుంటాం. పని జరిగే తీరు చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. విద్యార్థి మీసేవలో కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ తీసుకోవాలి. ఈ-పాస్‌లో దరఖాస్తు చేయాలి. ఆధారు, బ్యాంకు ఖాతా, హాజరు సరిపోవాలి. కాలేజీ పరిశీలించి పంపాలి. జిల్లాలో షెడ్యూల్డ్ కులాల అభివృద్ధి శాఖ మంజూరు చేయాలి. అప్పుడు బిల్లు ట్రెజరీకి వెళుతుంది, టోకెను నంబరు వస్తుంది. అంటే 'ఈ సొమ్ము మేమివ్వాలి' అని ప్రభుత్వం స్వయంగా ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత ఆర్థిక శాఖ సొమ్ము వదలాలి. బిల్లు అక్కడే ఆగుతుంది. విద్యార్థి ఒక్క కాగితం ఆలస్యం చేస్తే దరఖాస్తు పోతుంది. సర్కారు రెండేళ్ళు ఆలస్యం చేస్తే ఏమీ పోదు. గడువులన్నీ ఒక వైపే ఉన్నాయి.

ఈ సొమ్ములో రెండు భాగాలున్నాయి. ఒకటి ట్యూషన్ ఫీజు, రెండోది తిండికి వసతికి ఇచ్చే మెయింటెనెన్స్. ఫీజు భాగం ఆగితే కాలేజీకి బాకీ. మెయింటెనెన్స్ ఆగితే హాస్టలు మెస్‌కు బాకీ. మెస్ బిల్లు విద్యార్థి పేరు మీద పెరుగుతుంది. కోర్సు అయిపోయిన రోజున నో డ్యూస్ రాదు. నో డ్యూస్ లేకపోతే మెమోలు, టీసీ ఆగుతాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. చెప్పిన మాట కాగితం మీదనే ఉంది. మాదాపూరులోనో గచ్చిబౌలిలోనో కంపెనీలో చేరే రోజున సర్టిఫికెట్లు చూపాలి. అప్పుడు ఆ తల్లి మెడలో పుస్తెలు తాకట్టు పెడుతుంది, లేదా మిత్తికి తెస్తుంది. ప్రభుత్వం బాకీని ఒక వడ్డీ వ్యాపారి దగ్గర దళిత కుటుంబం తీర్చుతుంది. తర్వాత ఎప్పుడో సొమ్ము విడుదలైతే ముందు కట్టిన పైసలు వెనక్కి రాబట్టుకోవడం ఇంకో యుద్ధం. ఉద్యోగంలో చేరిన పిల్ల సెలవు పెట్టి కాలేజీ చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతుంది?

కేంద్రం చేతులు కూడా శుభ్రంగా లేవు. పాత పద్ధతిలో ప్రతి ప్రణాళిక ముగిసేసరికి అప్పటి ఖర్చు మొత్తం రాష్ట్రం నెత్తిన పడేది. కేంద్రం ఆపైన పెరిగినదే ఇచ్చేది. 2017-18 నుంచి 2019-20 దాకా దేశం మొత్తానికి ఎస్సీ పోస్ట్ మెట్రిక్ కింద కేంద్రం ఇచ్చింది ఏటా 1,100 కోట్ల లెక్కన మాత్రమే. దళిత సంఘాలు, విద్యార్థులు గొడవ చేసిన తర్వాత 2020 డిసెంబరులో అయిదేళ్ళకు 59,048 కోట్ల పథకం ఒప్పుకుంది. కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. రాష్ట్రం తన వాటా ఇచ్చాకనే కేంద్రం వాటా కదులుతుంది. కాబట్టి రాష్ట్రం ఆపిన ప్రతి రూపాయి తనతో పాటు కేంద్రం రూపాయిన్నరను కూడా ఆపుతుంది.

గచ్చిబౌలి

హైటెక్ సిటీకి కూతవేటు దూరంలో, 1974లో ఏర్పడిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. ఇది వలసకాలపు యూనివర్సిటీ కాదు, రాష్ట్ర ప్రభుత్వానిది కూడా కాదు. అది మొదలైన చోటు మాత్రం ఆబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్, నిజాం స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు వెళ్ళిన సరోజినీ నాయుడు ఇల్లు. ఆ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల 2016 జనవరి 17న మనకు లేకుండా పోయాడు. హాస్టలు నుంచి వెలివేయబడిన అయిదుగురు దళిత విద్యార్థుల్లో ఆయన ఒకడు. ఆయన చివరి ఉత్తరంలో తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాలని, అది ఒక లక్షా డెబ్బై అయిదు వేలని, తన కుటుంబానికి అందేలా చూడమని రాశాడు. అందులోనుంచి ఒక మిత్రుడికి తాను ఇవ్వాల్సిన అప్పు తీర్చమన్నాడు.

ఆ ఉత్తరం గురించి చాలా మంది చాలా రాశారు. ఈ లెక్క భాగం మీద మాత్రం తక్కువ ఆలోచించారు. తనకు సంస్థ పడ్డ బాకీ ఎంతో, తాను స్నేహితుడికి పడ్డ బాకీ ఎంతో ఆయన చెప్పి పోయాడు. తన అప్పు తీరాలని కోరాడు. సంస్థల్లో ఆ పాటి నిజాయితీ ఉంటే ఆ ఉత్తరంలో ఆ వాక్యాల అవసరమే ఉండేది కాదు.

సొమ్ము లేదనే మాట

2025లో ఈ బకాయిల సంగతి వీధికెక్కింది. తెలంగాణలో మొత్తం దాదాపు 10,000 కోట్లు రావాలని ప్రైవేటు కాలేజీల యాజమాన్యాల సమాఖ్య లెక్క చెప్పింది. సెప్టెంబరులో బంద్ పిలుపు ఇస్తే 1,200 కోట్లు విడతలుగా ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకున్నది. ఆ మాట పూర్తిగా నిలబడలేదు. నవంబరు 3 నుంచి కాలేజీలు మూసేశారు. 600 కోట్లు వెంటనే, 300 కోట్లు ఆ తర్వాత అనే హామీ మీద 7వ తేదీన విరమించారు.

దీనికి నెల రోజుల ముందు, 2025 అక్టోబరులో, హైటెక్ సిటీ పక్కన రాయదుర్గంలో సర్కారు భూమి వేలంలో ఎకరం 177 కోట్లు పలికింది. 7.67 ఎకరాలకు 1,357 కోట్లకు పైగా వచ్చాయి. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటింది. రాయదుర్గం ధరన చూస్తే పది వేల కోట్ల బాకీ 57 ఎకరాలతో సమానం. భూములమ్మి స్కాలర్‌షిప్పులు ఇవ్వమని మనం అడగడం లేదు. ఆ భూముల మీద కూడా దళితులకు వేరే లెక్క ఉంది. సొమ్ము లేదనే మాట నిజం కాదని చెప్పడానికే ఈ పోలిక. సొమ్ము ఉంది. ఎవరి బిల్లు ముందు, ఎవరి బిల్లు వెనక అన్నదే ప్రశ్న.

నవంబరు చర్చల్లో ఎవరు కూర్చున్నారో కూడా చూడాలి. ఒక వైపు మంత్రులు, మరో వైపు యాజమాన్యాలు. ఎవరి పేరు మీద ఈ సొమ్ము మంజూరయిందో ఆ విద్యార్థులకు కుర్చీ లేదు. ప్రైవేటు యాజమాన్యం కాలేజీ మూసి బెదిరించగలదు. ఉస్మానియా వంటి సర్కారు యూనివర్సిటీ మూయలేదు, ప్రభుత్వాన్ని గట్టిగా అడగలేదు. అడిగేది తన విద్యార్థినే. 2025 డిసెంబరులో ముఖ్యమంత్రి ఉస్మానియా అభివృద్ధికి వెయ్యి కోట్లు ప్రకటించారు. మంచిదే. కాని ప్రకటన వేరు, బాకీ తీర్చడం వేరు. కొత్త భవనం మీద పేరు చెక్కించుకోవచ్చు. పాత బాకీ కడితే శిలాఫలకం ఉండదు.

ఏం అడగాలి

విద్యార్థి సంఘాలు ఇన్నాళ్ళూ 'స్కాలర్‌షిప్పులు విడుదల చేయాలి' అని అడిగాయి. ఆ నినాదం ఉపకారం భాషలోనే ఉంది. లెక్క అడిగే భాషకు మారాలి. ఒకటి, ఉస్మానియా మొదలు ప్రతి యూనివర్సిటీకి, ప్రతి హాస్టలుకు, ఏ విద్యా సంవత్సరానికి ఎంత బాకీ ఉందో ప్రభుత్వం శ్వేతపత్రంలో ప్రకటించాలి. రెండు, టోకెను నంబరు వచ్చిన రోజు నుంచి ఆ సొమ్ము విద్యార్థి బాకీ కాదని, ప్రభుత్వ బాకీ అని యూనివర్సిటీ రాసివ్వాలి, సర్టిఫికెట్లు ఆపకూడదు. మూడు, ముందే చేతి నుంచి కట్టిన కుటుంబాలకు మిత్తితో సహా తిరిగి ఇవ్వాలి. నాలుగు, 2017లో తెలంగాణ చేసిన ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంలో ఖర్చు కాని సొమ్ము మరుసటి ఏటికి కలపాలని ఉంది. ఆ కలపడంలో మొదటి హక్కు స్కాలర్‌షిప్పు బాకీలది కావాలి.

ఫీజుల చెల్లింపునకు ట్రస్టు పద్ధతిని పరిశీలిస్తామని ప్రభుత్వం 2025లో అన్నది. ఇది కొత్త ఆలోచన అనుకుంటున్నారు. కాదు. ఎనభై ఏళ్ళ కిందనే, ఇదే నగరంలో, కోటి రూపాయలు విడిగా పక్కన పెట్టించిన వాళ్ళు దళితులు. అప్పటి రాజ్యం నిజాంది. ఇప్పటిది ఓట్లతో ఏర్పడ్డది. 2024లో ప్రభుత్వం చేయించిన కుల సర్వే ప్రకారం రాష్ట్రంలో షెడ్యూల్డ్ కులాలు 17.43 శాతం. 'నిధులు' అనే మాట నినాదంగా మోసి ఈ రాష్ట్రాన్ని తెచ్చిన వాళ్ళల్లో ఉస్మానియా హాస్టళ్ళ దళిత బహుజన పిల్లలు ముందు వరసలో ఉన్నారు. ఆ నిధుల్లో వాళ్ళ పద్దు ఏమైందో అడిగే పని ఇప్పుడు చదువుకుంటున్నోళ్ళదే. చదువుకుని ఆ అద్దాల మేడల్లో కొలువు చేస్తున్నోళ్ళది కూడా. భాగ్యరెడ్డి వర్మ చందాల పుస్తకం పట్టుకుని తిరిగిండు. మన చేతిలో ఉండాల్సింది బాకీల పుస్తకం. దాన్ని మనమే రాయాలి, మనమే చదివి వినిపించాలి.